వాయిదా మాత్రలు

మా అత్తగారికి ఒక గొప్ప ఉండేది. ఆవిడ కోడళ్ళిద్దరికీ పూజ రోజున నెలసరి అడ్డం రాదని. ఇరుగుపొరుగు వాళ్ళు “మా కోడలు సరిగ్గా నోము రోజునే బయట కూర్చుంది” అని వాపోతుంటే, ఈవిడ పసుపు కలుపుకుంటూ, “మా పిల్లలకి ఆ బాధ లేదమ్మా, అమ్మవారే చూసుకుంటుంది” అనేది. ఆ సమయంలో నేనూ మా తోడికోడలూ ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా జాగ్రత్తపడేవాళ్ళం. చూసుకునేది అమ్మవారు కాదు, విజయవాడ పటమటలో మా వీధి చివర మందుల షాపాయన.

ఆ మాత్రల పేరుతో మాకు పని లేదు. “డేటు వెనక్కి వెళ్ళేవి” అంటే చాలు. ఎవరు రాశారు, ఎవరికి అని అడక్కుండా, మా మొహం కూడా చూడకుండా పాత పేపర్లో చుట్టి ఇచ్చేసేవాడు. మా తోడికోడలికి వాటిని మొదట ఇచ్చింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత దాచానని ఎవరూ అనకుండా.

తొంభైల చివర్లో మా ఆడపడుచు పెళ్ళి. తోడికోడలు అప్పుడు కొత్తగా కాపరానికొచ్చిన పిల్ల. పెళ్ళికి వారం ముందు నన్ను పెరట్లోకి పిలిచి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

“అక్కా, సరిగ్గా ఆ రోజుకే వచ్చేలా ఉంది. అత్తయ్యగారికి ఎలా చెప్పను?”

నేను హ్యాండ్‌బ్యాగ్ తెరిచి, మాత్రల అట్ట తీసి దాని చేతిలో పెట్టాను. “రోజుకి మూడు. పెళ్ళయ్యేదాకా ఆపకు. ఎవరితోనూ అనకు.”

“ఏం కాదుగా?”

“నాకేమన్నా అయిందా?” అన్నాను.

జువాలజీ చదివి, జూనియర్ కాలేజీలో అదే పాఠం చెప్పే మనిషి ఇచ్చిన జవాబు అది. నా పాఠం ఎంత సొగసుగా ఉండేదో కూడా చెప్పాలి. మానవ ప్రత్యుత్పత్తి వ్యవస్థ దగ్గరికి వచ్చేసరికి, బోర్డు మీద బొమ్మ గీసి, భాగాల పేర్లు రాసి, “మిగతాది ఇంటి దగ్గర చదువుకోండి” అని సుద్దముక్క పారేసి వచ్చేసేదాన్ని. వెనక బెంచీల నవ్వుకి భయపడేదాన్ని. నోరున్న మనిషినని అందరూ అంటారు. ఆ నోరు అక్కడ మాత్రం లేవలేదు.

కొన్నేళ్ళు గడిచాయి. రెండువేలు దాటాక ఒక భాద్రపదంలో, సోమవారం పొద్దున్నే మా అత్తగారూ తోడికోడలూ మైలవరం అవతలున్న మా అత్తగారి ఊరి నుంచి బస్సులో దిగారు. చేతుల్లో ఉన్న సామాను చూడగానే నాకు అర్థమైంది. ఫ్లాస్కు, కంచం, గ్లాసు, మెత్తటి పాత చీరలు. అది ఆసుపత్రి సామాను. తోడికోడలి పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. మెట్లెక్కుతూ రెండుసార్లు ఆగింది.

“గురువారం ఆపరేషన్. గర్భసంచి తీసేస్తారు” అంది అత్తగారు, పుచ్చిన పన్ను పీకించుకోవడానికి వచ్చినట్టు.

“ఎందుకూ?”

“ఎందుకేంటి? నాలుగు నెలల నుంచీ ఆగట్లేదు. ఒక నెలలో రెండుసార్లు, ఒక్కోసారి పదిహేను రోజులు. మనిషి ఎండిపోయింది చూడు.”

“దానికి ముప్పై ఒకటే అత్తయ్యగారూ.”

“ఇద్దరు పిల్లలు పుట్టారు, పుట్టకుండా ఆపరేషనూ అయింది. ఇంక ఆ సంచితో పనేంటి? మా వీధిలో ఎవరికుందో చెప్పు. నాకుందా?”

ఆ మాట నిజమే. ఆ వీధిలో నలభై దాటినవాళ్ళలో గర్భసంచి ఉన్నవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నేను కాగితాలు అడిగి తీసుకున్నాను. గర్భాశయంతో పాటు రెండు అండాశయాలూ తీసివేయాలని ఇంగ్లీషులో రాసి ఉంది. కింద భర్త సంతకం. మా మరిది ఊళ్ళోనే, చదవకుండానే పెట్టి పంపించాడు. మా ఆయన్ని అడిగితే, “ఆడవాళ్ళ సంగతి, నన్ను లాగకు” అన్నాడు. సంతకానికి మాత్రం అది మగవాళ్ళ సంగతి.

“సంచి ఒక్కటే కాదండీ, అండాశయాలు కూడా తీస్తారట” అన్నాను.

“అన్నీ ఒకటేలే.”

“ఒకటి కాదు.”

స్కాను కవరు వెనక్కి తిప్పి బొమ్మ గీశాను. కాలేజీలో గీసినట్టు పేర్లు రాసి వదిలేయలేదు. “ఇదిగో, తలకిందులుగా పెట్టిన జామకాయలా ఉందే, ఇది గర్భసంచి. బిడ్డ పెరిగేది ఇందులో. రెండు పక్కలా చేతులు చాపినట్టున్న గొట్టాలు. ఆ చేతుల చివర, బాదంగింజలంత ఉన్నాయే, ఇవి అండాశయాలు. నెలకో అండం వదిలేది ఇవి. ఆడదాని ఒంటికి కావాల్సిన హార్మోన్లు ముఖ్యంగా తయారయ్యేది వీటిలోనే. ఎముకల గట్టితనం, నిద్ర, గుండె, వీటన్నిటికీ అవి కావాలి. ఇవి తీసేస్తే దానికి గురువారం ముప్పై ఒకటి, శుక్రవారం యాభై.”

అత్తగారు కవరు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. “ఒళ్ళంతా ఆవిర్లొచ్చేది కూడా వీటివల్లేనా?”

“అవును. హఠాత్తుగా తీసేస్తే వస్తాయి.”

ఆవిడ ఎందుకు అడిగిందో నేను ఆలోచించలేదు. వాదిస్తున్నప్పుడు నాకు ఎదుటివాళ్ళ మొహాలు కనిపించవు.

“డాక్టరమ్మ కంటే నీకెక్కువ తెలుసా పెద్దమ్మాయ్? నీ పాఠాలు పోయి కాలేజీలో చెప్పుకో” అని కవరు నా ఒళ్ళో పెట్టేసింది.

మధ్యాహ్నం అత్తగారు కునుకు తీస్తుంటే, వంటింట్లో తోడికోడల్ని పట్టుకున్నాను.

“ఎప్పుడు మొదలైంది?”

“ఆవకాయ పెట్టాక. జాడీకి వాసెన కట్టిన నాలుగో రోజు.”

“మాత్రలు వేసుకున్నావా?”

కంచం కడుగుతూనే ఉంది. కడిగిన కంచాన్నే మళ్ళీ కడిగింది.

“ఎన్నిసార్లు?”

“మా అన్నయ్య గృహప్రవేశానికి. శ్రీరామనవమికి కల్యాణం పీటల మీద కూర్చున్నాం కదా, అప్పుడు. ఆవకాయకి. అమ్మవారి జాతరకి. మొన్న వరలక్ష్మీ వ్రతానికి.”

“ఆవకాయకి కూడానా?”

“ముట్టుకుంటే బూజు పడుద్దంటారుగా అక్కా. ఏడాది పచ్చడి.”

“రోజుకి మూడేనా?”

“గుర్తుంటే మూడు. లేకపోతే ఒకటి. జాతర వాయిదా పడితే ఇరవై రోజులు వేసుకున్నా.”

ఆ మాత్రలో మంత్రమేమీ లేదు. అండం విడుదలయ్యాక అండాశయం తయారుచేసే హార్మోనుకి అది నకలు. ఆ హార్మోను ఉన్నంతకాలం గర్భసంచి లోపలి పొర నిలబడుతుంది. తగ్గగానే ఊడి రక్తంతో బయటికొస్తుంది. శ్లాబు కింద సెంట్రింగ్ కర్రల్లాంటిది. కర్రలు ఉన్నంతసేపూ నిలుస్తుంది, లాగితే దిగుతుంది. ఈ పిల్ల ఆరు నెలలుగా ఇష్టం వచ్చినప్పుడు కర్రలు పెడుతోంది, మరిచిపోయి సగం తీస్తోంది, మళ్ళీ పెడుతోంది. ఆ కర్రలు దాని చేతికిచ్చింది నేను.

“డాక్టరమ్మకి చెప్పావా?”

“అడిగింది, ఏమన్నా మాత్రలు వాడుతున్నావా అని. అత్తయ్యగారు పక్కనే ఉన్నారు. ‘మా ఇంట్లో తలనొప్పికి కూడా మాత్ర వెయ్యమండీ’ అన్నారు. ఇంక నేనేం మాట్లాడను?”

“ఒళ్ళు నీదే కదే.”

“ఒళ్ళు నాదే. ఇల్లు ఆవిడది.”

“నేను చెప్తాను.”

తడిచేతులతోనే నా చెయ్యి పట్టుకుంది. “వద్దక్కా. ఇన్నేళ్ళూ అమ్మవారి దయని ఊరంతా చెప్పుకున్నారు. ఇప్పుడు తెలిస్తే ఆ ఇంట్లో నేను తలెత్తుకోగలనా? నువ్వు విజయవాడలో ఉంటావు. అయినా తీసేయించుకుంటే ఏమైంది? ఇంక మాత్రలే అక్కర్లేదు. ఏ పూజకైనా, ఏ పచ్చడికైనా నేనే ఉండొచ్చు.”

అది దిగులుతో అన్న మాట కాదు. అదే నన్ను భయపెట్టింది. ఒంట్లోంచి ఒక భాగాన్ని కోసి తీసేయించుకుని, దాన్ని సౌకర్యం అనుకుంటోంది. మంగళవారమంతా నేను దానితో మాట్లాడలేదు, అది నాతో మాట్లాడలేదు. అత్తగారు మాత్రం నన్నోసారి, దాన్నోసారి చూస్తూ, “ఏంటి, ఇద్దరూ మూగనోము పట్టారా?” అంది.

బుధవారం చేర్చుకునే ముందు డాక్టరమ్మ పిలిచింది. నేనూ వెంట వెళ్ళి కూర్చున్నాను. రక్తం ఎక్కించాలేమో చూస్తామంది డాక్టరమ్మ. తోడికోడలు నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. చాలా చిన్నగా, నాకొక్కదానికే కనిపించేలా. నర్సు కేసుషీటు నింపుతూ, “వేరే మందులేమైనా?” అంది. “ఏం లేవమ్మా” అంది అత్తగారు.

“ఉన్నాయి” అన్నాను.

నా బ్యాగులోంచి ఖాళీ అట్ట తీసి బల్ల మీద పెట్టాను. ముందురోజు తోడికోడలి సంచిలో వెతికి తీసుకున్నది. “ఆరు నెలల్లో ఐదుసార్లు వాడింది. తోచినట్టు వాడింది. మొదట అలవాటు చేసింది నేను. నేనూ వాడతాను.”

తోడికోడలు మొహం కొంగులో దాచుకుంది. అత్తగారు అట్ట వైపే చూస్తోంది.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి, “అడిగాను కదమ్మా? ఇది దాచితే ఎలా?” అంది రోగితో.

“అత్తగారి ముందు అడిగారు. ఒంటరిగా అడిగితే చెప్పేది” అన్నాను.

“మీరేం చేస్తుంటారు?”

“జువాలజీ లెక్చరర్ని.”

“అయితే మీకు తెలిసుండాలిగా.”

తల ఊపి, “అండాశయాలు ఎందుకు తీస్తున్నారండీ? స్కానులో అవి బాగానే ఉన్నాయని ఉంది” అని మాత్రం అడగగలిగాను.

“ఎలాగూ పొట్ట తెరుస్తాం కదా. ముందుముందు వాటితో ఏ ఇబ్బందీ రాకుండా ఉంటుందని.”

అప్పుడు అత్తగారు నోరు విప్పింది. “ముప్పై ఐదేళ్ళకి తీసేస్తే ఒళ్ళంతా ఆవిర్లొస్తాయా డాక్టరుగారూ? నిద్ర పట్టదా? ఎవరన్నా మాట్లాడితే కొట్టబుద్దేస్తదా?”

“రావచ్చమ్మా. అందరికీ ఒకేలా ఉండదు. దానికీ మాత్రలున్నాయి.”

“మళ్ళీ మాత్రలా?” అంది. ఫ్లాస్కు చేతికి తీసుకుంది. “ఇవి మానేస్తే ఏమవుద్దో ముందు చూద్దామండి. కొయ్యడానికేముంది, ఎప్పుడైనా కొయ్యొచ్చు.”

డాక్టరమ్మకి నచ్చలేదు. అయినా అట్టని మళ్ళీ ఒకసారి చూసి, లోపలి పొర ముక్క తీసి పరీక్షకి పంపుతానని, అందులో తేడా ఏమీ లేకపోతే మూడు నెలలు ఆగి చూద్దామని చెప్పి, ఐరన్ రాసిచ్చి, ఈలోగా ఎక్కువైతే వెంటనే రమ్మంది. ఆటోలో ఇంటికొస్తుంటే, బెంజి సర్కిల్ దగ్గర ఆగినప్పుడు అత్తగారు రోడ్డు వైపు చూస్తూ, “అయితే అమ్మవారు కాదన్నమాట” అంది.

పరీక్షలో ఏమీ లేదు. అయినా ఆ మూడు నెలలూ ఫోను మోగితే ముందు నేనే పరిగెత్తేదాన్ని. రెండో నెలలో మళ్ళీ ఎక్కువైంది. “నువ్వే అడ్డుపడ్డావు” అని మా మరిది ఫోనులో అరిచాడు. నేనూ తగ్గలేదు, “సంతకం పెట్టేముందు చదవాల్సింది” అన్నాను. కానీ నిజంగానే వేరే జబ్బేదైనా ఉంటే? నేను డాక్టర్ని కాను. కార్తీకం నాటికి తగ్గింది. మాఘమాసానికి ఐదు రోజుల లెక్కకి వచ్చింది. పెదాలకి రంగు తేలింది. నాతో మాత్రం సంక్రాంతి దాటేదాకా ముక్తసరిగానే మాట్లాడింది. నేను ఆ ఏడాది ఆ పాఠాన్ని నాలుగు పీరియడ్లు చెప్పాను. వెనక బెంచీలు నవ్వాయి. నవ్వనిచ్చాను.

మరుసటి శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి నేను ఊరు వెళ్ళాను. గురువారం సాయంత్రం తోడికోడలు గడప దగ్గరే నిలబడి, “అత్తయ్యగారూ, నాకు రేపటికి కుదరదు” అంది.

అత్తగారు తోరాలు కడుతోంది. చేతులు ఆపలేదు. “శ్రావణంలో ఇంకో రెండు శుక్రవారాలున్నాయిగా. అప్పుడు చేసుకుంటే ఎవరేడ్చారు?” అంది. ఆ వెసులుబాటు మొదటినుంచీ ఉన్నదే. పక్కింటివాళ్ళు అలాగే చేసుకునేవాళ్ళు. మా ఇంటి గొప్పకే ఆ శుక్రవారాలు సరిపోలేదు.

పూజ లేని ఆ శుక్రవారం, పనేమీ తోచక ఇల్లు బోసిగా ఉంది. అత్తగారు నన్ను గదిలోకి పిలిచి, ట్రంకుపెట్టె అడుగు నుంచి మడతల దగ్గర చిరిగిన కాగితం తీసింది. ఆవిడ ఆపరేషన్ నాటిది.

“ఇంగ్లీషులో ఉంది. చదువు.”

చదివాను. రెండు వాక్యాలే. తల ఎత్తకుండా మళ్ళీ చదివాను.

“గింజలు కూడానా?” అంది.

“అవునత్తయ్యా. రెండూ.”

ఆవిడ కాగితం తీసుకుని, ఉన్న మడతల మీదే మడిచింది. “ఆ ఏడు చలికాలంలో కూడా నూతి దగ్గర కూర్చుని తల మీద నీళ్ళు పోసుకునేదాన్ని. ఊరికే అరిచేదాన్ని. నీ మొగుణ్ణి కారణం లేకుండా ఎన్నిసార్లు కొట్టానో. మీ మావయ్యగారు నన్ను గయ్యాళి అనేవారు. ఊరూ అదే అంది.” పెట్టె మూత వేసింది. “నేనూ అదేననుకున్నాను.”