మత్రోనా పట్టుకున్న జబ్బు

ఉత్తరపు చలిదేశంలో నుషగాక్ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో డాక్టరు లేడు, నర్సు లేదు. ఉన్నదల్లా మత్రోనా. ఏడో తరగతితో చదువు ఆగిపోయినా, పట్నంలో కొన్ని వారాలు శిక్షణ పొంది వచ్చి, చేపలు కోసే చేతులతోనే జనానికి కుట్లు వేసేది, సూదులు పొడిచేది. రోజూ పొద్దున రేడియోలో పెద్దాసుపత్రి డాక్టరుకు రోగుల సంగతులు చెప్పేది.

ఎవాన్ ఆమె మేనత్త కొడుకు. బావామరదళ్లు ఎదురుపడితే ఒకరినొకరు ఆటపట్టించుకోవడం ఆ జనంలో మర్యాద. ఆ పనిలో వీళ్లిద్దరినీ మించినవాళ్లు నది పొడుగునా లేరు.

1979 ఆగస్టులో ఒక పొద్దున ఎవాన్ వచ్చి ఆమె గదిలో బల్ల మీద కూలబడ్డాడు.

"ఏం బావా, దుప్పి తరిమిందా?" అంది మత్రోనా.

"ఇవాళ నువ్వు ఇద్దరుగా కనబడుతున్నావే. ఒక్కదానితోనే వేగలేక చస్తున్నా," అన్నాడు ముద్దముద్దగా.

అక్కడున్న వాళ్లంతా నవ్వారు. మత్రోనా నవ్వలేదు. దగ్గరికెళ్లి చూసింది. రెండు కనురెప్పలూ వాలిపోయి ఉన్నాయి. నాలుక పిడచకట్టింది. ఒళ్లు చల్లగానే ఉంది. ఏం తిన్నావని అడిగితే, పులియబెట్టిన సాల్మన్ చేప తలలు మొన్న తిన్నానన్నాడు. వాటిని మూత బిగించిన ప్లాస్టిక్ బకెట్టులో పొయ్యి పక్కనే పెట్టారట. ఇంట్లో ఇంకెవరూ ముట్టలేదట.

రేడియోలో డాక్టరు, తాగి ఉన్నాడేమో చూడమన్నాడు.

"నోరు వాసన చూశానండీ, తాగలేదు. జ్వరం లేదు, తెలివి చక్కగా ఉంది. రెప్పలు రెండు వైపులా వాలాయి. ఇది చేప తలల విషం. విరుగుడు మందు పంపండి."

డాక్టరు, విమానంలో పంపిస్తున్నానన్నాడు.

కానీ నది మీద పొగమంచు కమ్ముకుంది. విమానం దిగే దారి లేదు. మధ్యాహ్నానికి ఎవాన్ చేతులు లేవలేదు. ఇంకో గంటకు ఊపిరి సన్నబడింది. మత్రోనా అతని ముఖానికి గొట్టం తొడుగు బిగించి, రబ్బరు తిత్తి నొక్కుతూ గాలి పంపడం మొదలుపెట్టింది. ఆమె చేతులు పడిపోతే పక్కింటివాళ్లు, వాళ్ల తర్వాత చర్చిలో పాటలు పాడే ముసలాయన అందుకున్నారు.

కొయ్యలా పడున్న కొడుకుని చూసి తల్లి ఉలియానా చావు ప్రార్థన ఎత్తుకుంది.

"ఆపు అత్తా. వాడికన్నీ వినబడుతున్నాయి," అంది మత్రోనా. "ఆ విషం మనసు జోలికి పోదు. నరం కొసన తలుపు మూసేస్తుంది, అంతే. లోపలినుంచి కదలమని కబురు వస్తూనే ఉంటుంది. కండకి అందదు." అని ఎవాన్ చెవి దగ్గర వంగింది. "బావా, వింటుంటే కాలివేలు కదుపు."

బొటనవేలు ఇంతంటే ఇంత కదిలింది.

"ఇన్నేళ్లకి నాది పైచెయ్యి అయింది. ఇక నువ్వు ఎదురు చెప్పలేవు."

వేలు ఈసారి కోపంగా రెండుసార్లు కదిలింది. ఉలియానా ఏడుస్తూనే నవ్వింది.

నాలుగు గంటలకు పొగమంచు విడింది, విమానం దిగింది. మందు ఒంట్లో తిరుగుతున్న విషాన్ని ఆపింది గాని, మూసుకుపోయిన తలుపుల్ని తెరవలేకపోయింది. నరాలకు కొత్త కొసలు మొలిచేదాకా ఎవాన్ నెల పైన ఆసుపత్రిలో యంత్రంతోనే ఊపిరి తీశాడు. మరుసటి వేసవికి తన వల తనే వేసుకున్నాడు.

ఈలోగా ఆ శీతాకాలంలో ఆరోగ్యశాఖ పై అధికారులు వచ్చి, ఇకమీదట చేప తలలు తినడం మానేయమన్నారు. మత్రోనా సభలో లేచి నిలబడింది.

"మా అవ్వలు వీటిని గడ్డి పరిచిన గోతిలో, చల్లని మట్టిలో పెట్టేవాళ్లు. మూత బిగించే ప్లాస్టిక్ బకెట్టు వాళ్లెరగరు, పొయ్యి పక్కన పెట్టమనీ చెప్పలేదు. గాలాడని చోట, వెచ్చదనంలోనే ఈ విషం పుడుతుంది. మా తిండిని కాదు, బకెట్టును మానిపించండి."

వాళ్లు ఆ మాటే కాగితం మీద రాసుకుని ఊరూరా పంచారు. గొయ్యి ఎలా తవ్వాలో, ఏ గడ్డి పరవాలో ఉలియానా ఊళ్లోని కోడళ్లందరికీ దగ్గరుండి నేర్పింది.

తర్వాత కొన్నేళ్లకు కొత్తగా శిక్షణకు వచ్చిన వాళ్లకు పాఠం చెప్పమని మత్రోనాను పట్నం పిలిపించారు. నాటి రేడియో డాక్టరే లేచి, జబ్బును పట్టింది ఈవిడ, నేను విమానం పంపానంతే అని చెప్పాడట. ఈ సంగతి మత్రోనా ఇంటికొచ్చి ఎవరితోనూ అనలేదు. తోడు వెళ్లిన ఉలియానా మాత్రం పడవ దిగుతూనే మొదలుపెట్టి, ఊరి చివరి ఇంటిదాకా "మా మేనకోడలు" అంటూ చెప్పుకుంటూ పోయింది.