తెల్ల కుందేలు కావాలన్నారు

కుందేలును చెవులు పట్టుకుని ఎత్తే మనిషిని చూస్తే ఈ వయసులో కూడా నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరింట్లో ఉన్నానన్నది కూడా చూడను, చెప్పేస్తాను. మా పిల్లలకు ఇది సిగ్గుగా ఉంటుంది. ఉంటే ఉండనీ.

మా అవ్వ, అంటే మా అమ్మ, సిద్దిపేట దవాఖానలో ఆయాగా పనిచేసేది. నాయిన ఇంట్లోనే, నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుని నేసే గుంటమగ్గం మీద చీరలు నేసేవాడు. నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా దవాఖానలో ఉండే నర్సమ్మకు బదిలీ అయింది. ఆమె మా వైపు మనిషి కాదు, మాట కూడా వేరుగా ఉండేది. ఒంటరి మనిషి, రెండు కుందేళ్ళను పెంచుకునేది. ఒకటి పాలలా తెల్లది, ఆడది. ఇంకొకటి బూడిద రంగుది, మగది. రైలు ప్రయాణంలో అవి బతకవని, మందుసీసాలు వచ్చే చెక్కపెట్టెలో పెట్టి మాకు ఇచ్చింది.

"చెవులు పట్టి ఎత్తకూడదమ్మా. ఒక చెయ్యి ఎద కింద, ఒక చెయ్యి వెనక కాళ్ళ కింద పెట్టాలి. కాళ్ళకు ఆసరా లేకపోతే భయపడి తన్నుకుంటుంది. ఆ తన్నులకు దాని నడుమే విరుగుతుంది" అని నా చేతులు పట్టుకుని నేర్పింది. తడి గడ్డి పెట్టవద్దంది. దగ్గర నిలబడి అరవవద్దంది. చెప్పినవన్నీ మళ్ళీ నా చేత చెప్పించుకుని గానీ బండెక్కలేదు.

వాడకట్టు వాడకట్టంతా చూడడానికి వచ్చింది. వచ్చిన ప్రతి మనిషి చెయ్యి మొదట చెవుల మీదికే పోయేది. నేను అడ్డం పడేదాన్ని. "పొల్ల వీటి తల్లి లెక్కనే చేస్తుంది" అని నవ్వేవాళ్ళు. చంద్లాపూర్ నుంచి వచ్చిన మా మేనత్త పెట్టె ముందు కూర్చుని, "కూర ఒండితే రెండు పూటలకు ఒస్తయి" అంది. ఆమెకు ఆ పూట నేను మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. అవ్వ నన్ను తిట్టింది.

పొద్దున్నే లేచి చేల గట్ల మీద గరిక కోసి, మంచు తడి ఆరేదాకా చాటలో ఎండబెట్టి పెట్టేదాన్ని. నా అడుగుల చప్పుడు వింటే చాలు, తెల్లది ముందు కాళ్ళు పెట్టె అంచు మీద పెట్టి ముక్కు ఆడించేది. నాయిన మగ్గం మీద ఉన్నప్పుడు బూడిదది గుంట పక్కన చాపలా పరుచుకుని పడుకునేది. పోగు తీసుకుని నాడె అటూ ఇటూ పోతుంటే దాని చెవి ఒకటి అటూ ఇటూ తిరిగేది.

ఒకరోజు తెల్లది తన పొట్ట మీది బొచ్చును తనే నోటితో పీక్కుంటూ కనబడింది. రోగం వచ్చిందని ఏడ్చుకుంటూ దవాఖానకు పరుగెత్తాను. అవ్వ వచ్చి చూసి నవ్వింది. "రోగం గాదు బిడ్డా. పిల్లలకు పరుపు ఏసుకుంటుంది." మర్నాటికి ఆ బొచ్చు కింద ఆరు పిల్లలు, కళ్ళు తెరవకుండా, వెంట్రుక లేకుండా, నా వేలంత ఉన్నాయి. ఒకటి ఆ రోజే పోయింది. మిగతా ఐదూ నిలిచాయి. తల్లి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పెట్టెలోకి దూకి, నాలుగు నిమిషాలు పాలిచ్చి బయటికి వచ్చేసేది. నేను పక్కన కూర్చుని ఊపిరి బిగబట్టి చూసేదాన్ని. బడి లేదు, ఆటలు లేవు, అదే నా లోకం.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. నూలు బజారులో దొరకడం మానేసింది. సర్కారు చీటీ ఉన్నవాళ్ళకే కట్టలు ఇచ్చేవారు. అంత కష్టపడి తెచ్చిన నూలుతో నాయిన ఒకరోజు నిలువు పోగుల పడుగు పోసి ఇంటి ముందు చాచి ఉంచాడు. నేను పెట్టె మూత వేయడం మరిచాను. బూడిదది బయటికి వచ్చి, గుప్పెడు పోగులు కొరికేసింది. నాయిన వచ్చి చూసి అలాగే నిలబడిపోయాడు. నన్ను కొడతాడనుకున్నాను. కొట్టలేదు. పొద్దుగూకేదాకా కూర్చుని ఒక్కొక్క పోగూ ముడి వేసుకుంటూ, "గది నోరులేని జీవి. మూత తీసిపెట్టింది నువ్వు. నీ తప్పు దాని మీదికి తోయకు" అన్నాడు. ఆ మాటలో న్యాయం నాకు అప్పుడే అర్థమైంది. ఆ న్యాయం అందరికీ ఉంటుందనుకోవడమే నా తెలివితక్కువ.

పిల్లలు పుట్టి పది రోజులు దాటి, కళ్ళు తెరిచాక, నేనొక పని చేశాను. తెల్లదాన్ని చంకనెత్తుకుని, గొప్ప కోసం దవాఖానకు తీసుకుపోయాను. అక్కడ గిర్దావరు గారి భార్య, ఆరేళ్ళ బిడ్డకు జ్వరం మందు కోసం వచ్చి కూర్చుని ఉంది. గిర్దావరంటే మా దగ్గర పన్నులూ పహాణీలూ చూసే అధికారి. ఆయన సంతకం లేనిదే నూలు చీటీ కూడా కదిలేది కాదు. ఆ చిన్నపిల్ల కుందేలు వీపు మీద చెయ్యి పెట్టి, జ్వరం మరిచిపోయి నవ్వింది. నేనే చూపించాను. నేనే దాని చేత నిమిరించాను.

మర్నాడు పొద్దున గిర్దావరు గారి జవాను మా ఇంటికి వచ్చాడు. అవ్వ పనికి పోయింది. నాయిన మగ్గం గుంటలో ఉన్నాడు.

"ఏమ్ రా, తెల్ల కుందేలు ఉన్నదట గదా. సారు బిడ్డకు కావాల్నట. పట్టియ్యి."

నాయిన కంటే పదేళ్ళు చిన్నవాడు. ఏమ్ రా అన్నాడు. నాయిన గుంటలోంచి లేచి చేతులు కట్టుకున్నాడు.

"అయ్యా, దానికి పాలు తాగే పిల్లలున్నయి. ఇగో, గీ బూడిదదాన్ని తీస్కపోండ్రి. మంచిగ మచ్చికైంది."

"నీ ఇష్టమా? ఆమె తెల్లది అన్నది."

జవాను పెట్టెలో చెయ్యి పెట్టి, రెండు చెవులూ కలిపి పట్టి, తెల్లదాన్ని పైకి ఎత్తాడు. అది గాలిలో కాళ్ళు తన్నుకుంది. కుందేలు అరవదని చాలామంది అనుకుంటారు. ఆ రోజు అరిచింది. చంటిపిల్ల అరిచినట్టే ఉంది. నేను వాడి చేతికి వేలాడాను. వాడు విదిలించుకుని పోయాడు. నాయిన చేతులు కట్టుకునే ఉన్నాడు. జవాను మీద ఎంత మండిందో నాయిన మీద అంతకంటే ఎక్కువ మండింది. "ఎందుకిచ్చినవ్?" అని అడిగాను. ఆయన గుంటలో దిగి కూర్చున్నాడు. నాడె మాత్రం వేయలేదు.

సాయంత్రానికి పిల్లలు ఆకలికి ఒకదాని మీద ఒకటి పాకుతున్నాయి. పక్కింటి మేకపాలు అడిగి తెచ్చి, దూదితో నోట్లో పిండాను. ఒకదానికి పాలు ఊపిరిలోకి పోయి నా అరచేతిలోనే తలవాల్చేసింది. ఆ తప్పు నాదే, దాన్ని ఎవరి మీదికీ తోయను. కానీ ఆ దూది నా చేతికి ఎందుకు వచ్చిందో కూడా మరిచిపోను.

పొద్దుగూకకముందే అవ్వ ఇంటికి వచ్చింది. సంగతి విని, చచ్చినదాన్ని పక్కన పెట్టి, నాలుగు పిల్లలను గంపలో వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని తిన్నగా గిర్దావరు ఇంటికి నడిచింది. కాళ్ళు కూడా కడుక్కోలేదు. అరుగు మీద గంప దించింది. గిర్దావరు భార్య బయటికి వచ్చింది.

"అమ్మా, తల్లిని తెచ్చుకున్నరు, పిల్లలను మర్సిన్రు. ఇవి గూడ ఉంచుకోండ్రి" అంది అవ్వ.

"మా ఇంట్ల గివన్ని ఎవరు సూస్తరు?"

"అట్లయితే తల్లిని ఇయ్యుండ్రి."

"నా బిడ్డ ఏడుస్తది. కుందేలే గదా, గింత దూరం గంప పట్టుకోనొచ్చినవేంది?"

"నీ బిడ్డ ఏడుస్తదని నీకు తెలిసింది. గీటికి నోరు లేదు, అందుకే నేనొచ్చిన."

ఆమె గంపలోకి ఒకసారి తొంగి చూసింది. ఆఖరికి, తల్లి ఇక్కడే ఉంటుందనీ, కావాలంటే రెండు పూటలా పిల్లలను తెచ్చి పాలు తాపించుకుని పొమ్మనీ అంది. అదేదో గొప్ప దయ చేసినట్టు. మేము దానికి కూడా ఒప్పుకున్నాం. ఇంకేం చేస్తాం?

అప్పటి నుంచి పదిహేను రోజులకు పైగా, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, గంప నెత్తిన పెట్టుకుని ఆ ఇంటి పెరటి తలుపు దగ్గరికి పోయాను. ముందు తలుపు నుంచి రానిచ్చేవాళ్ళు కాదు. వాళ్ళు నిద్ర లేచేదాకా, స్నానాలు అయ్యేదాకా నిలబడాలి. తెల్లదాని వెనక కాలికి నులక తాడు కట్టి బావి దగ్గర స్తంభానికి కట్టేశారు. కాలి బొచ్చు రాలి, తోలు ఎర్రబడింది. గంప దించగానే అది తాడు పొడుగునా లాక్కుంటూ వచ్చి పిల్లల మీద నిలబడేది. నాలుగు నిమిషాలు. తర్వాత గంప ఎత్తుకుంటే తాడు అందినంత దూరం మా వెనక వచ్చేది. ఆ ఇంట్లో అది చూసి జాలిపడిన వాళ్ళు ఒక్కరూ లేరంటే నమ్మండి. ఒకసారి వాళ్ళు ఊరికి పోతూ పెరటి తలుపుకు తాళం వేసుకుపోయారు, మాకు మాటమాత్రం చెప్పలేదు. రెండు రోజులు తిరిగి తిరిగి వచ్చాను. అప్పుడు ఇంకో పిల్ల పోయింది. మూడు మిగిలాయి, వాటిలో ఒకటి తల్లిలాగే తెల్లది.

గిర్దావరు గారి చిన్నపిల్ల మీద మాత్రం నాకు కోపం లేదు. దానికి ఎవరూ ఏదీ చెప్పలేదు. తెల్లదాన్ని నడుము దగ్గర పట్టి, కాళ్ళు వేలాడేసి మోసుకుని తిరిగేది. ఒకరోజు దాని చేతులు పట్టుకుని, నర్సమ్మ నాకు చూపించినట్టే చూపించాను. "గిట్ల. కాళ్ళ కింద చెయ్యి పెట్టాలె. లేకుంటే నడుమిరుగుతది" అన్నాను. అది బుద్ధిగా నేర్చుకుంటోంది. అంతలో గిర్దావరు భార్య వంటింట్లోంచి వచ్చి నన్ను పక్కకు నెట్టింది.

"నువ్వేంది నా బిడ్డకు చెప్పేది? పాలు తాపిచ్చుకోని పో."

పిల్ల భయపడి చేతులు తీసేసింది.

తర్వాత నాలుగైదు రోజులకు జవాను మళ్ళీ మా గుమ్మం ముందు నిలబడ్డాడు. అప్పుడు అవ్వ కూడా ఇంట్లోనే ఉంది.

"మీ కుందేలు సచ్చిపోయింది. బిడ్డ చేతులకెల్లి తన్నుకోని అరుగు మీదికెల్లి పడ్డది, నడుమిరిగింది. రోగపుది ఇచ్చినవని సారు కోపంగున్నడు. ఇంకోటి ఇయ్యుమన్నడు. పిల్లలల్ల తెల్లది ఉన్నది గదా."

రోగపుది. ఆ మాట నేను చచ్చేదాకా మరవను. మా ఇంట్లో గంతులు వేసిన జీవిని తాడు కట్టి, చెవులు పట్టి, నడుము విరగ్గొట్టి, రోగపుదని పేరు పెట్టారు. పైగా ఇంకొకటి కావాలట. నేను పెట్టె మీద బోర్లా పడుకున్నాను. జవాను నా భుజం పట్టి లాగాడు. అవ్వ లేచింది. కానీ ఆమె కంటే ముందు నాయిన గుంటలోంచి పైకి వచ్చాడు. ఈసారి చేతులు కట్టుకోలేదు.

"ఇయ్య" అన్నాడు.

"ఏమన్నవ్ రా?"

"ఇయ్య అన్న. ఒకదాన్ని ఇచ్చిన, సంపిన్రు. మీ సారుకు గదే చెప్పు. బిడ్డ మీదికెల్లి చెయ్యి తియ్యి."

జవాను నాయిన మొహం చూసి, నా భుజం వదిలి వెళ్ళిపోయాడు.

ఆ వారమే నూలు చీటీల పట్టీలోంచి నాయిన పేరు తీసేశారు. వర్షాలు పడి, చేలు కోసే దాకా మా మగ్గం ఖాళీగా ఉంది. నాయిన నారాయణరావుపేటలో ఇంకొకరి మగ్గం మీద కూలికి నేయడానికి పోయి, వారానికొకసారి వచ్చేవాడు. వాడకట్టులో అందరూ, ఆఖరికి చంద్లాపూర్‌లో ఉండే మా మేనత్త కూడా, "కుందేలు పిల్ల కోసం కడుపు కాల్సుకున్నడు, పిస్సోడు" అన్నారు. మా నాయినను పిచ్చివాడన్నవాళ్ళలో ఆ ఇంటి పెరటి తలుపు దగ్గర నిలబడినవాళ్ళు ఒక్కరూ లేరు. గిర్దావరు చేసింది తప్పని ఒక్కరూ అనలేదు. మాకు జరిగింది మా పొగరు వల్లే జరిగిందని తేల్చారు. ఇప్పుడు తలుచుకున్నా నాకు వీళ్ళ మీదే ఎక్కువ కోపం.

నాయిన ఇంటికి వచ్చినప్పుడల్లా ముందు పెట్టె దగ్గరికే పోయేవాడు. ఒకసారి నేను భయంభయంగా అడిగాను. "నాయినా, మొదటిసారే ఇయ్య అంటే అయిపోతుండె గదా?"

"అవును బిడ్డా" అన్నాడు. "అప్పుడు భయమైంది." ఆ మాట విన్నాక ఆయన మీద నాకున్న కోపం పోయింది.

గిర్దావరుకు బదిలీ అయి కొత్తాయన వచ్చాడు. చీటీల పట్టీ మళ్ళీ రాశారు, నాయిన పేరు ఎక్కింది. మగ్గం కదిలింది. మూడు పిల్లలు పెద్దవై, వాటికి పిల్లలు పుట్టి, పెట్టె చాలక నాయిన పెరట్లో తడికలతో కొట్టం కట్టాడు. అప్పుడు వాడకట్టు వాళ్ళు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. తమ పిల్లలు ఏడుస్తున్నారు, ఒక జత ఇవ్వమని. నాయినను పిస్సోడన్న నోళ్ళతోనే అడిగారు. ఎవరికీ ఇవ్వవద్దని నేను కొట్టం తలుపుకు అడ్డంగా కూర్చున్నాను. అవ్వ నన్ను లేపి, అడిగినవాళ్ళందరికీ ఇచ్చింది. వాళ్ళ పిల్లలను ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, ఎట్లా ఎత్తుకోవాలో చూపించి మరీ ఇచ్చింది.

"వాళ్ళు అన్న మాటలు మర్సినవా?" అని అడిగాను.

"మర్వలే" అంది అవ్వ. "ఆ మాటలు పిల్లలు అన్లేదు గదా."

ఆమెది పెద్ద మనసు. నాది కాదు. రెండు రోజులు అవ్వతో మాట్లాడలేదు.