వినీల రెండుసార్లు దిగిన కొండ

కొండపల్లి కొండ మీదికి వినీల సైకిల్ నెట్టుకుంటూ ఎక్కడం మొదలుపెట్టి పదకొండేళ్ళయింది. పదిహేడు కిలోల బండి. పైకి చేరడానికి ముప్పావుగంట, రాళ్ళబాటలో కిందికి దూకడానికి మూడు నిమిషాలు. ఆస్ట్రియాలో కొండ దిగే సైకిల్ పోటీకి వెళ్ళినప్పుడు మనుషుల్నీ సైకిళ్ళనీ రోప్‌వేలో కొండెక్కించడం చూసి ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. ఇక్కడ తన భుజాలే దిక్కు. అందులో ఎడమవైపు ఎముక రెండుసార్లు విరిగి అతుక్కుంది.

కంకిపాడులో ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీ ఉద్యోగం. వారమంతా ఎండలో నిలబడి విజిల్ ఊదేది. ఆదివారం తల్లితో చర్చిలో తొలిపూజకు వెళ్ళొచ్చి కొండదారి పట్టేది. సాయంత్రం పటమటలో ఇంటికి చేరాక తల్లి శౌరమ్మ కూతురి నడుముకు కాపడం పెడుతూ, "దిగడానికే అయితే అసలు ఎక్కడమెందుకే?" అనేది. మొదట్లో వినీల నవ్వేది. ముప్పైనాలుగు దాటాక నవ్వే ఓపిక కూడా పోయింది.

నిరుడు వానలు తగ్గుముఖం పట్టాక నేపాల్‌లో డౌన్‌హిల్ పోటీ పడింది. ఆసియా దేశాల వాళ్ళంతా వచ్చారు. తనకు ఇదే ఆఖరు పోటీ అని వినీల ఎవరితోనూ అనలేదు.

ఒకరి తర్వాత ఒకరిని రెండేసి నిమిషాల తేడాతో వదులుతారు. తన వంతు రాగానే వినీల దూకింది. చాలా కాలానికి ఒళ్ళు చెప్పినమాట విన్నది. సగం దూరం దాటి పైన్ చెట్ల మధ్య మలుపు తిరిగేసరికి ఎవరో ఎర్రజెండా ఊపుతున్నాడు. బ్రేకులు బిగించి ఆగింది.

ముందు వెళ్ళిన నేపాలీ పిల్ల సుస్మిత తడిసిన చెట్లవేళ్ళ మీద జారి చెట్టుకు గుద్దుకుంది. తొడ వంకరపోయింది. జెండా మనిషి వాకీటాకీలో స్ట్రెచర్ కోసం అరుస్తున్నాడు. వినీల బురదలో కూర్చుని ఆ పిల్ల తల కదలకుండా రెండు చేతులతో పట్టుకుంది.

"నా టైమెంతొచ్చింది దీదీ?" అని హిందీలో అడిగింది సుస్మిత.

"బాగానే వచ్చిందమ్మా. కదలకు," అంది వినీల.

స్ట్రెచర్ వెళ్ళాక ఒక అధికారి వచ్చి, దారిలో ఆపేశాం కాబట్టి మళ్ళీ పైనుంచి దిగవచ్చన్నాడు. జీపులో పైకి వెళ్తూ ఆమె చేతులకంటిన బురద తుడుచుకుంది. వద్దంటే ఎవరూ తప్పుపట్టరు. కానీ ఎక్కిన కొండను ఆమె ఏనాడూ నడిచిగానీ జీపులోగానీ దిగి ఎరగదు. వెళ్ళి వరసలో నిలబడింది.

రెండోసారి అదే మలుపు దగ్గర, ఆగాల్సిన పని లేకపోయినా, చెయ్యి దానంతటదే బ్రేకు మీదికి పోయింది.

పన్నెండో స్థానం. మొదటిసారి సగం దూరానికి నువ్వు నాలుగో స్థానంలో ఉన్నావని కింద ఎవరో చెబితే తలూపింది. బాధపడదామన్నా ఒంట్లో శక్తి లేదు. మర్నాడు ఆసుపత్రికి వెళ్తే సుస్మిత కాలు వేలాడదీసి ఉంది, నిద్రపోతోంది. లేపకుండా వచ్చేసింది.

ఇంటికి రాగానే శౌరమ్మ, "ఎన్నోదానివొచ్చావే?" అంది.

"పన్నెండు."

"దెబ్బలేం తగల్లేదుగా?"

"లేదమ్మా."

"సరే, కాళ్ళు కడుక్కో. అన్నం పెడతా."

ఆ ఆదివారం పూజ నుంచి వచ్చి వినీల చీరైనా మార్చుకోకుండా మంచమ్మీద వాలింది. పదిన్నరకు ఒకసారి మెలకువ వచ్చింది. ఎక్కడికీ వెళ్ళక్కర్లేదని గుర్తొచ్చి అటు తిరిగి పడుకుంది.