నూకాలు గంప కాడ నాను కూకున్నాను

నా కూతురు లచ్చిమి గర్భసంచి మూతి క్యాన్సర్‌తో పోయింది. పరీక్షకి ఎల్లమంటే "బేరం అయ్యాక ఎల్తానమ్మా" అనీది. ఈ రోజు హార్బర్ కాడ నా పక్కన సేపలమ్మే నూకాలూ అదే మాట అంది. ఆసుపత్రిలో ఆ పరీక్ష మజ్జానం వరకే.

"లెగు. నీ గంప నాను సూత్తాను" అన్నాను.

"బాగానే ఉన్నాను కదా పిన్నీ. సిగ్గు కూడా."

"లోపల సూసేది ఆడమనిషే. బాగున్నప్పుడే సూపించుకోవాల."

ఎల్లింది. తిరిగొచ్చి, "కాసేపే పిన్నీ, నొప్పి లేదు. మల్లా ఎప్పుడు రావాలో సెప్పారు, ఎల్తాను" అంది. అంతలోనే గంపలో డబ్బులు లెక్కెట్టి, "వంజరాలు ఇంత సవగ్గా ఇచ్చేసినావేటి?" అని తిట్టింది.

ఆ తిట్లు వింటంటే నాకు కడుపు నిండిపోయింది. మా లచ్చిమీ ఇలాగే తిట్టీది.

మీ పక్కన బేరం ఒగ్గలేక పరీక్షకి ఎల్లకుండా ఆగిపోయినోల్లు ఎవురున్నారు? రేపు ఎవుర్ని పంపుతారో సెప్పండి.