నీళ్లు చూడకుండా ఆయన బండి తీయలేదు

మా పెద్దనాయిన పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను మాన్వి బస్సులో ఉన్నాను. ఆయన కారు గురించి మెకానిక్‌ను నిలదీయడానికే బయలుదేరాను. "నిద్రలనే పోయిండు బిడ్డా," అంది పెద్దమ్మ. మధ్యలో దిగి, ఎదురుగా వచ్చిన బస్సెక్కి మా ఊరు మల్లట్‌కు తిరిగొచ్చాను, అడగాల్సింది అడగకుండానే.

పెద్దనాయిన మల్లట్ నుంచి మాన్వికి షేరింగ్ కారు నడిపేవారు. మా ఇంట్లో చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నే. కాలేజీకి ఆ కారులోనే వెళ్లాను. పొద్దున ఎంత తొందరున్నా బానెట్ ఎత్తి, రేడియేటర్‌లో నీళ్లు చూశాకే మమ్మల్ని ఎక్కనిచ్చేవారు. "పరీక్షకు టైమైతుంది పెద్దనాయినా!" అని నేను అరిస్తే, "దూపైతే బండి నీ లెక్క ఒర్లుతదా? మనమే చూసుకోవాలె," అనేవారు.

మెకానిక్‌లను ఆయన బాగా విసిగించేవారు. ఏ సామాను మార్చినా పాతది చేతికి ఇమ్మనేవారు. తిప్పి చూసి, వాసన చూసి, "ఇది ఎందుకు పోయిందో చెప్పు," అనేవారు. గట్టిగా గొడవపడి, చివరికి ఆ మెకానిక్‌కే చాయ్ తెప్పించేవారు. పక్కనున్న నాకు తల కొట్టేసినట్టుండేది. అయినా, క్లాసులో లేచి అడిగే ధైర్యం నాకు వచ్చింది ఆయన వల్లే.

పోయిన నెల, బెల్టు మార్చమని మాన్వి మెకానిక్‌కు ఇచ్చిన కారులో రేడియేటర్ పగిలింది. "నీళ్లు లేకుండ నడిపిండు, వేడికి పగిలింది," అని మెకానిక్ కార్ల స్టాండులో అందరికీ చెప్పాడు. జ్వరంతో పడుకున్న పెద్దనాయిన నన్ను పిలిచి, "ఆ దినం నేనే చూసుకోలేదేమో బిడ్డా," అన్నారు. ఆయన తనను తాను అనుమానించుకోవడం అదే మొదటిసారి చూశాను. నాకు ఒళ్లు మండింది.

కర్మలు అయ్యాక మళ్లీ మాన్వి వెళ్లాను.

"పాత రేడియేటర్ ఏదన్నా?"

"పాతినుము గుజిరీల ఏసిన."

"అడగకుండ ఎట్ల ఏసినవ్?"

"కాలేజి సదివినవ్ గని, ఇంజన్ సదివినవా?"

"లేదు, గందుకే అడుగుతున్న. వేడికి పగిలితే బండి దారిలనే ఆగాలె గద? ఆయన నీ షాపు దాక నడుపుకొచ్చిండు. మరి ఎక్కడ పగిలింది?"

మెకానిక్ చేతులు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"పానా జారింది చెల్లె. బెల్టు గుంజుతుంటే పోయి రేడియేటర్‌కు తగిలింది."

"ఆయనకెందుకు చెప్పలే?"

"చెప్తే కొట్లాడ్తడని."

కొట్లాడేవారే. ఆ తర్వాత నిశ్చింతగా పడుకునేవారు కదా!

"గిదే మాట స్టాండుల చెప్పు."

"హోగ్లి బిడమ్మా," అన్నాడు కన్నడలో, పోనిమ్మన్నట్టు. "మనిషే పోయిండు."

"ఆయన మీదేసిన మాట పోలే గద!"

"సరే, రేపొస్త."

ఆ రేపు ఇంకా రాలేదు. అందుకే ఆ కారు ఎక్కి దిగిన మీ అందరికీ నేనే రాస్తున్నాను: పెద్దనాయిన ఏనాడూ నీళ్లు చూడకుండా బండి తీయలేదు.

మాన్వి వెళ్లినప్పుడల్లా ఆ షాపు ముందు ఆగుతున్నాను. నన్ను చూడగానే మెకానిక్ ఏదో ఒక బండి కిందికి దూరతాడు. రెండు పాదాలే బయటికి కనబడతాయి. లోపల పానా చప్పుడు మాత్రం ఉండదు.