గవర్రాజు కట్టిన మాకప్పు

ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే గవర్రాజు "మాకప్పులు సేత్తాను" అంటాడు. అక్కడితో ఆగితే అతను గవర్రాజు ఎందుకవుతాడు? వస్తువు చేసే ముందు అవే కొలతలతో ప్లైవుడ్డుతో కట్టి చూసుకునే నమూనా అని, అది పనిచేయదు గాని మనిషి అందులో నిలబడి చేయి చాపి చూసుకోవచ్చని, ఇనుము కోసేశాక ఏడ్చి లాభం లేదని, టీ చల్లారేదాకా చెబుతాడు. ఓడల లోపలి గదులకు నమూనాలు కట్టే షెడ్డులో అతనూ నేనూ వడ్రంగులం. ఓడ వంటగది కడితే, వంటవాణ్ణి పిలిపించి ఖాళీ గిన్నెలతో వంట చేయించి గాని వదలడు.

అలాంటివాడు సబ్బవరంలో సొంత ఇల్లు కట్టుకుంటూ వంటగట్టు ఎత్తు మేస్త్రీకి వదిలేశాడు. భార్య పైడితల్లి పొట్టి మనిషి. అద్దె ఇంట్లో గట్టు అందక పీట ఎక్కి వండుతుంది. నిరుడు గంజి వారుస్తుంటే పీట జారి చేయి కాల్చుకుంది.

గట్టు పోసే ముందురోజు, నేను వాళ్ళింట్లో ఉండగానే అడిగింది.

"ఓడలో వంటోడికి కట్టి సూపెడతావు. నాకేటి, అక్కర్లేదా?"

గవర్రాజు తల గోక్కున్నాడు. రోజూ అతని పాఠాలు వినే నాకు మాత్రం లోపల సంబరంగానే ఉంది.

ఆ సాయంత్రమే షెడ్డులో మిగిలిన ప్లై ముక్కలు అడిగి తీసుకెళ్ళి కొత్త ఇంట్లో గట్టు నిలబెట్టాం. పైడితల్లి సంచిలో గిన్నె, గరిటె తెచ్చింది. ఖాళీ గిన్నె కలియబెట్టి, గంజి వార్చినట్టు వంచి చూసింది. మేం వెనక నిలబడి ఆమె చేతులే చూస్తున్నాం.

"సరిపోయింది" అంది.

గవర్రాజు గోడ మీద పెన్సిలుతో గీత గీసి, మేస్త్రీకి ఫోన్ చేయబోతూ కిందికి చూశాడు. ఆమె పీట మీద నిలబడి ఉంది. సంచిలో అదీ తెచ్చుకుంది.

"పీట దిగవే."

"దిగితే అందదు కదా" అంది మామూలుగా.

ఆ మాటకి అతనికి ఏడుపొచ్చింది. మొహం అటు తిప్పుకుని రంపం అందుకున్నాడు.

"బావా, అటు పట్టు" అన్నాడు నాతో.

గట్టు అడుగు కోయడం, ఆమెను నేల మీద నిలబెట్టి చూడడం, మళ్ళీ కోయడం. భుజాలు ఎత్తకుండా ఆమె గిన్నె వంచగలిగాక కొత్త గీత గీశాడు.

మర్నాడు మేస్త్రీ ఆ గీత చూసి, "ఇంత కిందికా? ఒచ్చినోళ్ళు నవ్వుతారు" అన్నాడు.

"ఒచ్చినోళ్ళు వండరు" అన్నాడు గవర్రాజు.

గృహప్రవేశం నాడు పైడితల్లి నేల మీద నిలబడే పాలు పొంగించింది. పీట ఏదని అడిగాను. గవర్రాజు దాని మీదే కూర్చుని వంకాయలు కోస్తున్నాడు.