బాబాయి వడకట్టిన గుడ్డ

మందు వాసన తగిలితే ముక్కు మూసుకునే మనిషి మా పిన్ని. అలాంటిది, ఇప్పుడు ఆవిడ వంటింట్లో బ్రాందీ సీసాలు బారులు తీరి ఉంటాయి. ఒకదాంట్లో మాచిపత్రి, ఒకదాంట్లో నారింజ తొక్కలు, ఇంకోదాంట్లో దాల్చినచెక్క నానుతుంటాయి. దేని సారం దానికి దిగాక వాటిని తెల్ల వైన్‌లో కలిపి, మాడ్చిన పంచదార పాకం పోసి, పల్చటి నూలు గుడ్డలో వడకడుతుంది. దాన్నే వెర్మూత్ అంటారు. అది మా బాబాయి పిచ్చి. ఆయన పోయాక పిన్నికి అంటుకుంది.

బాబాయి తాళాలు బాగుచేసేవాడు. కింద కొట్టు, పైన ఇల్లు. సాయంత్రం కొట్టు మూసి, పైకొచ్చి తాళాల గుత్తి తలుపు వెనక మేకుకి తగిలించి, నేరుగా సీసాల దగ్గరికి పోయేవాడు. "చేతులన్నా కడుక్కోండి" అని పిన్ని మొత్తుకునేది. శుభ్రం పిచ్చి మా పిన్నికి. ఆవిడ ఇంట్లో ఈగ వాలాలన్నా కాళ్లు తుడుచుకోవాలి.

ఒక మధ్యాహ్నం, సగం అరగదీసిన తాళంచెవి చేతిలో ఉండగానే, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు బాబాయి. వచ్చినవాళ్లంతా వెళ్లాక పిన్ని ఏడవలేదు. ఇల్లు కడిగింది, కొట్టు కడిగింది. ఆయన చొక్కాలు, దుప్పట్లు, దొరికిన ప్రతి గుడ్డా సోడా వేసి ఉడకబెట్టింది. పనిముట్ల డబ్బా అడుగున నల్లగా, జిడ్డుగా ఒక గుడ్డ దొరికితే, "ఛీ, ఇదేం మురికే" అని దాన్ని విడిగా రెండుసార్లు ఉడికించింది. మల్లెపువ్వులా తెల్లబడిందని నాకు చూపించి మురిసిపోయింది కూడా.

ఆ తర్వాత మొదలైంది. బాబాయి కొట్టు మూసే వేళకి మేకు మీది తాళాల గుత్తి గలగలమంటుందట.

"గాలికి పిన్నీ" అన్నాను.

"కిటికీ వేసే ఉందే. మీ బాబాయి వస్తున్నాడు. వంటింటి దాకా వచ్చి వెళ్లిపోతున్నాడు. తన వాసన లేని ఇంట్లో ఎంతసేపని నిలబడతాడు?"

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. అయినా ఆ మేకు వైపు చూడకుండానే మెట్లు దిగుతాను, అబద్ధమెందుకు.

అందుకని పిన్ని వెర్మూత్ చేయడం మొదలుపెట్టింది. ఆయన రుచి, ఆయన వాసన మళ్లీ పట్టుకుంటే మనిషి ఇంట్లో నిలుస్తాడని ఆశ. తను తాగదు కాబట్టి రుచి చూడ్డానికి బాబాయి స్నేహితుడు దర్జీని పిలిచేది. ఆయన ఒక గుక్క తాగి, కళ్లు మూసుకుని, ప్రతిసారీ అదే మాట అనేవాడు.

"బాగుంది చెల్లెమ్మా. కానీ వాడిది కాదు."

మాచిపత్రి పెంచింది, లవంగం తీసేసింది, తొక్కలు ఎండబెట్టి చూసింది. ఊహూఁ. "ఇల్లు మందుల కొట్టులా తయారైంది, ఇక వదిలెయ్ పిన్నీ" అని నేను విసుక్కున్నాను.

"నీకేమే, నీ మొగుడు పక్కనే గురక పెడుతున్నాడు" అంది.

ఒకరోజు ఆవిడ వడకడుతుండగానే దర్జీ వచ్చాడు. గుడ్డ వైపు చూశాడు.

"కొత్త గుడ్డా చెల్లెమ్మా?"

"పాతదే అన్నయ్యా. ఆయన డబ్బాలో దొరికింది."

"అది నేనిచ్చిందే. నల్లగా ఉండాలే మరి? వాడు దానికి నీళ్లు తగలనిచ్చేవాడు కాదు. వడకట్టడం, పిండడం, ఆరేయడం, మళ్లీ దాంట్లోనే వడకట్టడం. పాతదంతా కొత్తదాంట్లోకి దిగాలిరా అనేవాడు. నీ కంట పడితే ఉతికేస్తావనే కదా డబ్బాలో దాచింది."

పిన్ని గుడ్డ పట్టుకునే నేల మీద కూలబడింది. "ఆయన్ని నేనే కడిగేశానే" అంది. అప్పుడు ఏడ్చింది, ఆయన పోయాక మొదటిసారి. దర్జీ చెప్పులేసుకుని చప్పుడు కాకుండా వెళ్లిపోయాడు. తలుపు వెనక తాళాల గుత్తి కదిలింది. ఈసారి నేనూ విన్నాను.

ఇప్పుడా గుడ్డ వంటింటి దండెం మీద ఉంటుంది. నీళ్లు తగలనివ్వదు. అంచులు కాస్త పచ్చబడ్డాయి, అంతే. నల్లబడేదాకా తను ఉండదని పిన్నికి తెలుసు. మొన్న నా చేత ఒట్టు వేయించుకుంది.

"నేను పోయాక ఇల్లంతా కడుక్కో. అది మాత్రం ఉతకొద్దే. ఈసారి ఇద్దరం వెతుక్కుంటూ వస్తాం."